తలలో నీరు, తీయవలసిన వేళ



పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోసే పెద్దావిడ చేతికి తెలిసినంతగా ఆ బిడ్డ తల ఇంకెవరికీ తెలియదు. ఏలూరు పేటల్లో గానీ, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లో గానీ, కొల్లేటి లంకల్లో గానీ, మాడు మీద ఆముదం అద్దే ఆ వేళ్లకు ఒక లెక్క ఉంటుంది. బిడ్డ ఏడవకుండా, ఒళ్లో నిటారుగా ఉన్నప్పుడు మాడు మెత్తగా ఉండాలి. తలకు సమంగానో, రవ్వంత లోపలికో ఉండాలి. అది ఉబ్బి, బిగిసి, వేలికి గట్టిగా తగిలితే అందరికంటే ముందు ఆవిడకే అనుమానం వస్తుంది. "పిల్ల తల కాస్త పెద్దగా లేదటే?" అంటుంది. ఇంట్లో వాళ్లు "అన్నీ వాళ్ల తాత పోలికలే" అని సరిపెట్టుకుంటారు. ఒక నెల గడుస్తుంది. రెండో నెల గడుస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గడిచిపోయే నెలల గురించే. ఆ నెలల్లో బిడ్డ మెదడులో ఏం జరుగుతుంది, చికిత్స త్వరగా అందితే ఏం నిలుస్తుంది, ఆలస్యమైతే ఏం పోతుంది అన్నదే ఈ ప్రసంగం.

జబ్బు పేరు హైడ్రోసెఫలస్. తలలో నీరు చేరడం. ఆ నీరు బయటి నుంచి వచ్చింది కాదు. ప్రతి మనిషి మెదడు నడుమా నాలుగు గదులున్నాయి. ఆ గదుల్లో కొరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల కుచ్చు ఉంటుంది. దాని నుంచి రాత్రీ పగలూ తేటనీరు ఊరుతూ ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీఎస్ఎఫ్ అంటారు. పెద్దవాళ్లలో రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది. అయితే ఏ సమయంలో చూసినా తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది 150 మిల్లీలీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అంటే ఊరినది ఊరినట్టే కదిలిపోయి రక్తంలో కలవాలి. రోజుకు మూడుసార్లకు పైగా పాతనీరు పోయి కొత్తనీరు వస్తుందన్నమాట. పై రెండు గదుల నుంచి మూడో గదికి, అక్కడి నుంచి ఒక సన్నటి కాలువ గుండా నాలుగో గదికి, ఆ తరువాత మెదడు ఉపరితలానికి చేరి రక్తంలోకి ఇంకుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా నీరు వెనక్కి నిలుస్తుంది.

కొల్లేరు ఎరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు కొల్లేటిలో పడతాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఉప్పుటేరులో మేట వేసినా, గుర్రపుడెక్క అల్లుకున్నా, పైనుంచి వచ్చే నీరు ఆగదు కనుక సరస్సే పొంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద దిగివచ్చినప్పుడు లంక గ్రామాల వాళ్లు అనుభవించింది అదే. మెదడులోనూ ఊట ఆగదు. దారి మూసుకుపోతే గదులు ఉబ్బుతాయి. తేడా ఒక్కటే. కొల్లేరు పొంగితే నీరు పొలాల మీదికి పరుచుకుంటుంది. మెదడు చుట్టూ ఉన్నది ఎముక. పెద్దవాళ్లలో ఆ ఎముక కదలదు కాబట్టి తలనొప్పి, వాంతులు, మగత తొందరగా బయటపడతాయి. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కాబట్టి తల సాగుతుంది. అందుకే చంటిబిడ్డలో ఈ జబ్బు నెమ్మదిగా, చెప్పుకోలేని బాధగా ముదురుతుంది.

కారణాలు అనేకం. కొందరికి పుట్టుకతోనే ఆ సన్నకాలువ ఇరుకుగా ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మెదడు గదుల్లో రక్తం చిమ్మి, అది గడ్డకట్టి దారి మూసుకోవచ్చు. మెదడు పొరల వాపు తగ్గాక దారులు అతుక్కుపోవచ్చు. మన దేశంలో క్షయ మెదడు పొరలకు పాకి ఈ స్థితి తెచ్చిపెట్టడం ఇంకా చూస్తూనే ఉన్నాం. పుట్టగానే వేసే బీసీజీ టీకా కాపాడేది ముఖ్యంగా ఇలాంటి తీవ్రమైన క్షయ నుంచే. ఇంకొకటి వెన్నుపూస సరిగా మూసుకోకుండా బిడ్డ పుట్టడం. వీపు మీద గడ్డలా కనిపించే ఆ లోపాన్ని స్పైనా బిఫిడా అంటారు. వెన్నుపాము బయటికి తోసుకొచ్చిన తీవ్రరూపంలో ఎక్కువమంది బిడ్డలకు తలలో నీరు కూడా చేరుతుంది. దీని గురించి మళ్లీ చెబుతాను. మన ప్రాంతానికి దానితో ఒక బంధుత్వం ఉంది.

ఇప్పుడు గదులు ఉబ్బినప్పుడు మెదడు కణాలకు ఏమవుతుందో చూద్దాం. మెదడు అనగానే మనకు నాడీకణాలే గుర్తుకొస్తాయి. ఆలోచన, మాట, నడక వాటివే కాబట్టి. మనిషి మెదడులో అవి సుమారు 8,600 కోట్లు. దాదాపు అంతే సంఖ్యలో ఇతర కణాలు వాటి పక్కనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గ్లియా కణాలు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్చో వీటికి పేరు పెట్టినప్పుడు ఇవి నాడీకణాలను అంటిపెట్టి ఉంచే జిగురు మాత్రమే అనుకున్నాడు. నూరేళ్లకు పైగా సైన్సు వాటిని చిన్నచూపు చూసింది. నిజానికి అవి లేకపోతే నాడీకణం ఒక్కపూట బతకదు.

వాటిలో నాలుగు రకాలను ఇవాళ గుర్తుపెట్టుకుందాం. మొదటివి ఆస్ట్రోసైట్లు. రక్తనాళానికీ నాడీకణానికీ నడుమ నిలబడి ఆహారం అందిస్తాయి, నీటినీ లవణాలనూ సరిచూస్తాయి. రెండోవి ఒలిగోడెండ్రోసైట్లు. నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వుపొర చుడతాయి; ఆ పొర ఉంటేనే సంకేతం వేగంగా పరిగెడుతుంది. మూడోవి మైక్రోగ్లియా. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు పియో డెల్ రియో హోర్టెగా 1919లో వీటిని విడిగా గుర్తించాడు. మెదడులో రోగనిరోధక శక్తి ఇవే. చచ్చిన కణాలను తినేసి శుభ్రం చేస్తాయి. నాలుగోవి ఎపెండైమా కణాలు. మెదడు గదులకు లోపలి పూత ఇవి. సన్నటి నూగుతో నీటిని కదిలిస్తూ ఉంటాయి.

గది ఉబ్బగానే మొదట దెబ్బతినేది ఆ లోపలి పూత. సాగి, చిరిగి, అక్కడక్కడ ఊడిపోతుంది. ఆ వెనకే ఉన్న తెల్లపదార్థం, అంటే మైలిన్ చుట్టుకున్న నాడీతంతువుల కట్టలు, బిగుతుగా సాగిపోతాయి. రక్తప్రసారం తగ్గుతుంది. నీరు కణజాలంలోకి ఊరుతుంది. అప్పుడు గ్లియా కణాలు మేల్కొంటాయి. ఆస్ట్రోసైట్లు లావెక్కి జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్‌ను విపరీతంగా తయారుచేస్తాయి. మైక్రోస్కోపు కింద పరిశోధకులు ఈ ప్రొటీన్‌కే రంగు వేసి, మెదడు ఎంత గాయపడిందో లెక్క కడతారు. మైక్రోగ్లియా తమ సన్నని కొమ్మలు ముడుచుకుని, గుండ్రబడి, గాయం వైపు కదులుతాయి. వాపు పెంచే రసాయనాలు వదులుతాయి. ఒలిగోడెండ్రోసైట్లు చచ్చిపోతుంటే మైలిన్ పొర పలచబడుతుంది. చంటిబిడ్డలోనైతే ఆ పొర ఇంకా తయారవుతూ ఉంటుంది కాబట్టి అసలు ఏర్పడటమే వెనకబడుతుంది.

ఈ కణాలు మేల్కోవడం చెడ్డపని కాదు. ఊడిన పూత చోట ఆస్ట్రోసైట్లు చేరి గోడను మూస్తాయి. మైక్రోగ్లియా శిథిలాలను తొలగిస్తాయి. గాయం తీరేదాకా ఇది మేలే. గాయం తీరకుండా ఒత్తిడి నెలల తరబడి సాగితే ఆ మేలే కీడవుతుంది. ఆస్ట్రోసైట్ల పోగులు ముదిరి మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట మెదడు గట్టిపడుతుంది. తంతువులు మళ్లీ పెరగడానికి చోటుండదు. మైక్రోగ్లియా వదిలే రసాయనాలు పక్కనున్న ఆరోగ్యకరమైన కణాలనూ బాధిస్తాయి. నీరు తీసేశాక కూడా కొందరు పిల్లలు నడవడంలో, చదవడంలో, జ్ఞాపకం పెట్టుకోవడంలో వెనకబడటానికి ఇదొక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

మరి చికిత్స చేస్తే ఈ కణాలు శాంతిస్తాయా? బతికున్న బిడ్డ మెదడును కోసి చూడలేం కనుక దీనికి జవాబు చాలావరకు జంతువుల మీద పరిశోధనల నుంచే వచ్చింది. పాత పద్ధతి, జంతువు మెడ వెనక భాగంలో మెదడు నీటిలోకి కేయోలిన్ అనే తెల్లమట్టి ఎక్కించడం. మట్టి వల్ల దారులు మూసుకుని నీరు నిలుస్తుంది. 1930లలోనే ఇది మొదలైంది. అందులో ఒక చిక్కుంది. మట్టి తనంతట తానే వాపు తెస్తుంది. గ్లియా మేల్కొన్నది ఒత్తిడికా, మట్టికా అన్నది తేల్చడం కష్టం. ఆ చిక్కు తీర్చింది హెచ్-టీఎక్స్ అనే ఎలుకల జాతి. వీటిలో కొన్ని పిల్లలకు తల్లి కడుపులోనే ఆ సన్నకాలువ మూసుకుపోతుంది. మట్టి అవసరం లేదు. మనుషుల్లో పుట్టుకతో వచ్చే జబ్బుకు ఇది దగ్గరగా ఉంటుంది.

మిల్లర్, మెక్‌అలిస్టర్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ ఎలుకపిల్లలకు పసితనంలోనే సన్నటి గొట్టం వేసి మెదడు నీటిని బయటికి మళ్లించారు. 2007లో ఫలితాలు ప్రకటించారు. చికిత్స లేని ఎలుకల మెదడులో ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా రెండూ ఉద్రేకించి ఉన్నాయి. గొట్టం వేసిన వాటిలో ఆ ఉద్రేకం తగ్గింది. కెనడాలో మార్క్ డెల్ బీజియో కుందేళ్ల మీద, ఎలుకల మీద ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఇదే దిక్కున నడుస్తుంది. త్వరగా నీరు మళ్లిస్తే పూత, మైలిన్ చాలావరకు కోలుకునే అవకాశం ఉంది. ఆలస్యంగా మళ్లిస్తే గది చిన్నదవుతుంది గానీ, చచ్చిన తంతువులు తిరిగి రావు, మచ్చ మాయదు.

ఇది జాగ్రత్తగా వినండి. ఆపరేషన్ అయ్యాక స్కానింగులో గదులు చిన్నగా కనిపిస్తే మనం ఊపిరి పీల్చుకుంటాం. స్కానింగు చూపేది నీటి కొలతను. గ్లియా కణాలు మోస్తున్న గాయం కొలత అందులో పూర్తిగా కనపడదు. ఉగాండాలో చేసిన ఒక పరీక్ష దీనికి సాక్ష్యం. ఇన్ఫెక్షన్ తరువాత తలలో నీరు చేరిన 100 మంది చంటిబిడ్డల్లో సగం మందికి గొట్టం వేశారు; సగం మందికి ఎండోస్కోపుతో మూడో గది అడుగున రంధ్రం చేసి, నీరు ఊరే కుచ్చును కొంత కాల్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తరువాత రెండు గుంపుల నడుమ మానసిక ఎదుగుదలలో తేడా కనిపించలేదు. ఏ పద్ధతి అన్నది ఒక్కటే అంతా తేల్చదు. ఎంత గాయమయ్యాక మొదలుపెట్టాం అన్నది కూడా చూడాలి.

ఇక ఆ గొట్టం సంగతి. మనవాళ్లు తలలోంచి పొట్టలోకి పైపు వేశారంటారు. డాక్టర్లు వీపీ షంట్ అంటారు. మెదడు గదిలో ఒక కొన, చర్మం కింద మెడ మీదుగా, ఛాతీ మీదుగా దిగి పొట్ట లోపల ఇంకో కొన. నడుమ ఒక వాల్వు. ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటుంది; నీరు వెనక్కి రాదు. 1949లో అమెరికాలో నల్సెన్, స్పిట్జ్ అనే సర్జన్లు వాల్వు ఉన్న షంట్ వేశారు. కొన్నేళ్లకు జాన్ హోల్టర్ అనే ఒక యంత్రపనివాడి కొడుకు స్పైనా బిఫిడాతో పుట్టాడు. తలలో నీరు చేరింది. ఆ తండ్రి ఆసుపత్రిలో కూర్చుని, డాక్టర్లు పడే ఇబ్బంది చూసి, 1956లో సిలికాన్‌తో ఒక వాల్వు తయారుచేశాడు. ఆ వాల్వు దేశదేశాలకు వెళ్లింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ ఖరీదు తక్కువ. ఉగాండాలోనే డాక్టర్ బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల్లో దాన్ని ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూసి, ఏడాది ఫలితాల్లో తేడా లేదని 2005లో చెప్పాడు. చవకైన పరికరం వేశారని ఏ తల్లీ దిగులు పడనక్కర్లేదు.

షంట్ ప్రాణం కాపాడుతుంది. దానికి కాపలా కూడా కావాలి. పిల్లల్లో వేసిన షంట్లలో మొదటి ఏడాదిలోనే మూడో వంతుకు పైగా పనిచేయడం మానేస్తాయని పెద్ద పరీక్షల్లో తేలింది. మూసుకున్న గొట్టాలను బయటికి తీసి మైక్రోస్కోపు కింద చూస్తే అందులో కొరాయిడ్ ప్లెక్సస్‌తో పాటు ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా కనిపించాయి. మెదడులోకి వచ్చిన పరాయి వస్తువుకు కూడా గ్లియా స్పందిస్తుంది. గొట్టం రంధ్రాల్లోకి పాకి అతుక్కుంటుంది. జబ్బును చూసి మేల్కొన్న కణాలే మందును చూసి కూడా మేల్కొంటాయి. అందుకే ఇప్పుడు పరిశోధకులు గొట్టం పదార్థాన్ని, రంధ్రాల పరిమాణాన్ని, లోపలి పూతను మార్చి చూస్తున్నారు.

నీటిని మళ్లించడంతో పాటు గ్లియాను శాంతింపజేసే మందు ఉంటే? ఆ ప్రశ్న వేసిన పరిశోధకులు మినోసైక్లిన్ అనే పాత యాంటిబయాటిక్‌ను ఎంచుకున్నారు. క్రిములను చంపడమే కాక అది మైక్రోగ్లియాను నెమ్మదింపజేస్తుందని ముందే తెలుసు. 2012లో వచ్చిన పరిశోధనలో హైడ్రోసెఫలస్ ఉన్న ఎలుకలకు ఆ మందు ఇస్తే గ్లియా ఉద్రేకం తగ్గింది. ఒక హెచ్చరిక. ఇది ఎలుకల సంగతి. మినోసైక్లిన్ చిన్నపిల్లల పళ్లను రంగు మార్చి పాడుచేస్తుంది. తలలో నీటికి అది ఇప్పటికి చికిత్స కాదు. ఎవరూ దుకాణంలో అడిగి కొనవద్దు.

ఈ మందు పుట్టిల్లు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో అక్కడి నుంచే లోకానికి వచ్చింది. ఆ కాలంలో అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపినవారు మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆరియోమైసిన్ వెలువడిన ఏడాదే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. ఆ కుటుంబంలోని మినోసైక్లిన్‌ను ఆయన తరువాతి తరం అదే ప్రయోగశాలలో 1960లలో తయారుచేసింది. గోదావరి జిల్లాల పెద్దలకు ఆయన ఇంకో మందు బాగా తెలుసు. బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ మాత్ర ఆయన బృందం పనే.

అయితే ఇవాళ్టి మన కథకు అన్నిటికంటే దగ్గరైనది ఆయన బృందం చేసిన మరో పని. ఫోలిక్ ఆసిడ్. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను చూసి, ఈస్టులో ఉన్న ఏదో ఒక పదార్థం దాన్ని నయం చేస్తోందని కనిపెట్టారు. ఆ పదార్థాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసిన ఘనత 1940లలో లెడర్లీలో సుబ్బారావుగారి బృందానిది. ఆయన అన్నదమ్ములను బలితీసుకున్న స్ప్రూ జబ్బుకు ఆ మందు పనికొచ్చింది. ఆయన బృందమే ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా తయారుచేసింది. లుకేమియా ఉన్న పిల్లలకు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడింది అదే. ఆ మందు తొలిరోజుల గర్భంలో పడితే బిడ్డ తల, మెదడు సరిగా ఏర్పడవని 1950లలో తేలింది. అంటే ఫోలిక్ ఆసిడ్ లేకపోతే ఏమవుతుందో లోకానికి అప్పుడే ఒక సూచన దొరికింది.

ఆ సూచన రుజువు కావడానికి 1991 దాకా పట్టింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో, అంతకుముందు స్పైనా బిఫిడా వంటి లోపంతో బిడ్డను కన్న తల్లుల మీద పరీక్ష చేసింది. గర్భానికి ముందు నుంచీ రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఒక విటమిన్ మాత్రతో ఒక పుట్టుకలోపాన్ని ఆపగలమని అంత గట్టిగా రుజువైన సందర్భాలు వైద్యంలో అరుదు. ఆపరేషన్ అవసరమే రాకుండా చేయగలిగితే, గ్లియా మేల్కొనే అవసరమూ రాదు.

ఇక్కడే మనం పొరబడుతున్నాం. బిడ్డ వెన్నెముక గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. నెల తప్పిన సంగతి తెలిసేసరికే ఆ గడువు దాదాపు దాటిపోతుంది. ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకుని మాత్రలు తెచ్చుకునేసరికి ఇంకా ఆలస్యం. అందుకే పెళ్లయి బిడ్డను కోరుకునే ప్రతి అమ్మాయీ గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు పది రెట్లు. అది డాక్టరు చెప్పాలి. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడే అమ్మాయిలకు ఈ ప్రమాదం ఎక్కువ. వాళ్లు మాత్ర తమంత తాము మానకూడదు, గర్భానికి ముందే డాక్టర్ని కలవాలి. మేనరికపు సంబంధాల్లో పుట్టుకలోపాలు కాస్త ఎక్కువ కాబట్టి ఆ ఇళ్లలో మరింత శ్రద్ధ కావాలి.

తాడేపల్లిగూడెం రైసు మిల్లుల ఊరు. అక్కడివాళ్లకు తెలుసు, ఈ మధ్య రేషను బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు నూటికి ఒక పాలు కలుపుతూ వచ్చారు. ఇనుము, బి12లతో పాటు ఫోలిక్ ఆసిడ్ కూడా వాటిలో ఉంటుంది. కొంతమంది వాటిని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కావు, బియ్యప్పిండితో చేసినవే. అయితే లెక్క కూడా చూసుకోవాలి. నిబంధన ప్రకారం కిలో బియ్యంలో ఉండవలసిన ఫోలిక్ ఆసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకు తిన్నా దొరికేది 50 మైక్రోగ్రాములకు మించదు. కావలసింది 400. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మంచివే; వండితే వాటిలో కొంత నశిస్తుంది. అందుకని అన్నం, ఆకుకూర తింటూనే మాత్ర కూడా వేసుకోవాలి. బడుల్లో వారానికోసారి ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆసిడ్ నీలిమాత్రను ఆడపిల్లలు పారేయకుండా చూడటం ఇంటి పెద్దల బాధ్యత.

పెద్దవాళ్లకు ఒక మాట. తలలో నీరు పసిపిల్లల జబ్బే కాదు. అరవై దాటినవారిలో అడుగు నేలకు అతుక్కున్నట్టు పడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు కలిసి వస్తే అది వయసు ప్రభావమని వదిలేయవద్దు. 1965లో కొలంబియా డాక్టర్ సాలమోన్ హకీమ్ వివరించిన నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్ కావచ్చు. అందులో కొందరికి షంట్ వేస్తే నడక తిరిగి వస్తుంది.

చివరగా, చేయవలసిన పనులు చెబుతాను. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి.

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత పుట్టినప్పుడు సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు 2 సెంటీమీటర్ల చొప్పున, తరువాతి మూడు నెలలు నెలకు ఒకటి చొప్పున, ఆ తరువాత ఏడాది దాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. టీకాకు వెళ్లిన ప్రతిసారీ బరువుతో పాటు తల కొలత కూడా తీయమని ఏఎన్ఎంను అడగండి, కార్డులో రాయించండి. ఒక్క కొలత ఏమీ చెప్పదు. రెండు మూడు కొలతలు వరసగా చూస్తే జబ్బు పట్టుబడుతుంది. నెలలు నిండకుండా పుట్టి ప్రత్యేక వార్డులో ఉండి వచ్చిన బిడ్డకు ఇది మరీ ముఖ్యం.

మాడు ఉబ్బి బిగుసుకున్నా, నుదుటి మీద నరాలు పైకి తేలినా, కనుగుడ్లు కిందికి దిగి పైన తెల్లగుడ్డు కనిపించినా, బిడ్డ పాలు కక్కుతూ మగతగా పడి ఉన్నా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. మాడు మూసుకోకముందైతే అల్ట్రాసౌండుతోనే గదులు చూడొచ్చు. దిష్టి తీయించడానికి, తాయెత్తు కట్టించడానికి ఆగకండి. ఏలూరు నుంచి విజయవాడ 60 కిలోమీటర్ల దూరం. విజయవాడ, గుంటూరు, కాకినాడల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెదడు సర్జన్లున్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో మెదడు ఆపరేషన్లు ఉన్నాయి. డబ్బు సర్దుబాటు అయ్యాక వెళదామని నెలలు జరుపుకోవద్దు.

షంట్ వేసిన పిల్లలు బడికి వెళ్లొచ్చు, ఆడుకోవచ్చు. తలనొప్పి, వాంతులు, మగత వస్తే గొట్టం మూసుకుందేమోనని, జ్వరంతో గొట్టం వెంట చర్మం ఎర్రబడితే ఇన్ఫెక్షనేమోనని ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. టీచర్లకు ముందే చెప్పి ఉంచండి. పిల్ల నెమ్మదిగా నేర్చుకుంటుంటే మొద్దు అనకండి. ఫిజియోథెరపీ, ఓపికగా చెప్పే చదువు ఆ మెదడుకు ఇంకా పనికొస్తాయి.

తలలో నీటిని తీయగల నేర్పు మన డాక్టర్లకు ఉంది. దాన్ని వేళకు వాడుకునే అవకాశం ఇవ్వవలసింది ఇంట్లో వాళ్లం మనం. బిడ్డ మెదడులోని గ్లియా కణాలు మొదటి వారాల్లో కాపాడటానికే కష్టపడతాయి. అవి అలిసి మచ్చ కట్టకముందే మనం వాటికి తోడు వెళ్లాలి. మాడు మీద వేలు పెట్టి "ఏదో తేడాగా ఉందే" అన్న ఆ పెద్దావిడ మాటను ఈసారి కొట్టిపారేయకండి. ఆ మర్నాడే బిడ్డను ఎత్తుకుని బయలుదేరండి.